మూలన కూర్చున్న పెట్టకి మందు ఆఖరి మాట

మీ ప్రశ్న సారాంశం ఇదీ. రావులపాలెం అవతల మీ అమ్మగారింట్లో ఆరు నాటుకోళ్ళున్నాయి. అందులో రెండేళ్ళ ఎర్రపెట్ట నాలుగు రోజులుగా ఈకలు ఉబ్బించుకుని గోడమూల కూర్చుంటోంది. నూకలు వేస్తే ముక్కుతో కదిపి వదిలేస్తోంది. తలమీది ఎర్రజుట్టు పాలిపోయింది, రెట్ట ఆకుపచ్చగా పడుతోంది. మిగతా అయిదూ బాగానే తిరుగుతున్నాయి. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ గొట్టం మాత్ర విప్పి నీళ్ళలో కలిపి నోట్లో పోశారు, గుణం కనపళ్ళేదు. అమ్మగారు "ఇది కొక్కెర, పోయేలోపు కోసేద్దాం" అంటున్నారు. బతికించుకునే దారి ఉందా అని అడిగారు.

ఉందండీ. పూచీ ఇవ్వలేను గానీ మీరు రాసినదాన్ని బట్టి ఆశ ఉన్న కేసే. నేను డాక్టర్ని కాను. లంక ఊళ్ళో కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ, అంటే ముప్పై ఏళ్ళు పైబడి పెరట్లో కోళ్ళు పెంచుతున్నాను. బతికించినవి ఉన్నాయి, నా తెలివితక్కువతనం వల్ల పోయినవీ ఉన్నాయి. ఆ రెండో రకం నుంచే ఎక్కువ నేర్చుకున్నాను.

ముందు రెండు పనులు ఆపండి. ఒకటి, ఆ గొట్టం మాత్ర. రెండు, నోరు తెరిచి నీళ్ళు పోయడం. ఎందుకో కిందికి వచ్చాక చెప్తాను.

ఇప్పుడు అమ్మగారి అనుమానం సంగతి. మన వైపు కోడి తూగితే చాలు కొక్కెర అనేస్తారు. అసలు కొక్కెర, అదే రాణీఖెత్ అనే వైరస్ జబ్బు, ఒక్క కోడితో ఆగేది కాదు. టీకా వెయ్యని మందలోకి వచ్చిందంటే ఇవాళ ఒకటి, ఎల్లుండికి మూడు, వారం తిరిగేసరికి గంప ఖాళీ. నోరు తెరిచి గురకలాగా ఊపిరి తీస్తాయి, నీళ్ళలాంటి పచ్చరెట్ట పెడతాయి, కాస్త ఓర్చుకున్నవాటికి మెడ మెలిపడి తల వెనక్కి తిరిగిపోతుంది, కాళ్ళు పడిపోతాయి. మీ పెట్ట నాలుగు రోజులుగా మూలనుంది, మిగతా అయిదూ గెంతుతున్నాయి. నా లెక్కలో ఇది కొక్కెర అయ్యే అవకాశం తక్కువ. అయినా వేరు చేసే పెట్టాలి, అది వేరే సంగతి.

పచ్చరెట్ట చూసి చాలామంది బెదిరిపోతారు. తిండి మానేసిన ఏ కోడికైనా రెట్ట పచ్చగానే వస్తుందండీ. లోపల మేత లేక పైత్యరసం ఒక్కటే దిగుతుంది, దాని రంగే అది. పక్కన తెల్లగా సున్నంలా ఉండేది కోడి మూత్రం. రోజులో ఒకటి రెండుసార్లు గోధుమరంగులో జిగటగా, కంపు కొట్టే రెట్ట కూడా పడుతుంది, అదీ మామూలే. భయపడాల్సింది రెట్టలో నెత్తురు కనిపించినప్పుడు.

మెడ గురించి ఇంకో మాట, మన డెల్టా వాళ్ళకి పనికొచ్చేది. చేపల చెరువుల గట్లమీద చచ్చిన చేపలు కుప్పేస్తారు కదా, వాటికి పట్టిన పురుగుల్ని కోళ్ళు ఏరుకు తింటాయి. ఆ పురుగుల్లో విషం ఉంటుంది. తిన్న కోడికి మెడ మెలి తిరగదు, గుడ్డపీలికలా వాలిపోయి ముక్కు నేలకి ఆనుతుంది. కొక్కెరకీ దీనికీ ఉన్న తేడా అదే. అలాగే వరిచేలో పురుగుమందు గుళికలు చల్లిన రోజున కోళ్ళు గట్టు దాటకుండా చూసుకోవాలి, నాలుగు గుళికలు ఏరుకున్నా చాలు. మీ పెట్టకి ఈ రెండూ కావు. ఇవి గంటల్లో పడగొట్టేస్తాయి, నాలుగు రోజులు కూర్చోబెట్టవు.

ఇక మీరు చేయాల్సిన మొదటి పని దాన్ని చేతిలోకి తీసుకోవడం. మీరు రాసిందంతా దూరం నుంచి చూసిందే. కోడి తన నీరసాన్ని దాచుకుంటుంది. మందలో నీరసంగా కనిపిస్తే మిగతావి పొడుస్తాయి కాబట్టి ఆఖరిదాకా బాగున్నట్టే తిరుగుతుంది. అందుకే మనకి నాలుగు రోజుల జబ్బుగా కనిపించేది చాలాసార్లు నెల క్రితమే మొదలై ఉంటుంది. ఒళ్ళో పెట్టుకుని, రెండు రెక్కలూ చేతికింద అదిమి, తొందరపడకుండా తడిమి చూడండి. రాత్రి దీపాలు పెట్టాక అయితే కదలకుండా కూర్చుంటుంది.

మొదట రొమ్ము ఎముక. బాగున్న పెట్టకి ఎముక రెండువైపులా కండ గుండ్రంగా చేతికి తగులుతుంది. కత్తి అంచులా ఎముక ఒక్కటే తగిలిందంటే వారాల తరబడి లోపల ఏదో తింటోందన్నమాట, పురుగులో, నల్లులో, పాత జబ్బో. కండ బాగానే ఉండి కోడి మాత్రం వాలిపోయి ఉంటే అది నిన్నమొన్న వచ్చిన జబ్బు. ఈ ఒక్క పరీక్షతో సగం దారి తెలుస్తుంది.

తర్వాత మెడ కింద కుడివైపు మేత సంచి. ఇది రెండుసార్లు చూడాలి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లారి ఏమీ పెట్టకముందు ఒకసారి. రాత్రి నిండుగా ఉన్న సంచి తెల్లారేసరికి ఖాళీ కావాలి. తెల్లారి కూడా బంతిలా గట్టిగా ఉందంటే లోపల ఏదో చుట్టుకుంది. నీళ్ళసంచిలా మెత్తగా ఊగుతూ, నోటి దగ్గర పులిసిన వాసన వస్తే మేత కుళ్ళుతోంది. రాత్రీ ఖాళీ, పొద్దున్నా ఖాళీ అయితే అసలు తినడమే లేదు. మీదానికి ఇదే ఉంటుందనుకుంటున్నాను.

ఆ తర్వాత రెట్ట వచ్చే చోటు, దాని చుట్టూ ఈకల మొదళ్ళు. ఈకలు ఎదురు దువ్వి చూడండి. గోధుమరంగు పేలు పరిగెత్తుతాయి, ఈక మొదట్లో తెల్లటి ఈపులు గుత్తులుగా అంటుకుని ఉంటాయి. పొట్ట కింద చెయ్యి పెట్టి ఎక్కడైనా గట్టిగా గుడ్డు తగులుతోందేమో చూడండి. కళ్ళు, ముక్కు చీదడం, ముఖం వాపు, అరికాలి కింద నల్లటి పుండు. నోరు తెరిచి లోపల రంగు చూడండి. జుట్టు ఒకటే పాలిపోతే కారణాలు చాలా ఉంటాయి గానీ, నోటి లోపలా కంటిరెప్ప లోపలా కూడా తెల్లబడితే అది నెత్తురు తగ్గిపోయిన పెట్ట.

ఇదంతా చేసే ముందు ఒక తమాషా అనుమానం కూడా తీర్చుకోండి. పొదుగుకి కూర్చున్న పెట్ట కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఈకలు ఉబ్బించుకుంటుంది, మేత ముట్టదు, జుట్టు పాలిపోతుంది. మా తోడికోడలు ఒకసారి పొదిగే పెట్టకి మూడు రోజులు పసుపు తాగించింది, అది మాత్రం గుడ్లు కావాలని అలిగి కూర్చుంది. తేడా ఏమిటంటే పొదుగుపెట్ట చోటు వదలదు, చెయ్యి పెడితే కొరుకుతుంది, గుర్రుమంటుంది, రోజుకోసారి దిగి ఒకే పెద్ద రెట్ట వేసి మళ్ళీ ఎక్కేస్తుంది. కళ్ళు మిలమిల్లాడుతుంటాయి. జబ్బుపెట్ట కళ్ళు మూసుకుంటుంది, ఎత్తుకున్నా పట్టించుకోదు.

సరే, చూడటం అయింది. ఇక వైద్యం. నా వరస ఎప్పుడూ ఒకటే: వెచ్చదనం, తడి, తిండి, ఆ తర్వాతే మందు. జనం తిరగేసి చేస్తారు. చలికి వణికే, ఒంట్లో తడి ఇంకిపోయిన కోడికి మందు పోస్తే అది ఒంటపట్టదు.

వెచ్చదనం అంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. అట్టపెట్టెకి గాలి కన్నాలు పెట్టి, అడుగున పాత పంచె మడతలు పరిచి, వంటింటి పక్కన గాలి కొట్టని చోట పెట్టండి. మన కోనసీమ వాళ్ళకి చేతికందేది కొబ్బరిపీచే కదా అని అది పరచకండి, నీరసంలో ఏమీ తోచక దాన్నే పీకి మింగుతుంది, మేత సంచిలో ఉండ కడుతుంది. సీసాలో వేడినీళ్ళు పోసి గుడ్డ చుట్టి ఒక పక్కన ఆనించండి. రెండోపక్క ఖాళీగా వదలాలి, వేడెక్కువైతే అది జరిగి కూర్చోవాలి కదా. బల్బు పెట్టేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి, ఇప్పటి ఎల్‌ఈడీ బల్బులకి వెలుతురే గానీ వేడి ఉండదు. రాత్రంతా ఎల్‌ఈడీ కింద పెట్టి నిద్రలేకుండా చేసినవాళ్ళని చూశాను. పాతరకం నలభై వాట్ల బల్బు దొరికితే అడుగున్నర ఎత్తున కట్టండి, గుడ్డలకి తగలకుండా. ఇదంతా వానల్లోనూ చలికాలంలోనూ. రోహిణి కార్తెలో ఈ పని చేస్తే వేడికే పోతుంది. అప్పుడు నీడ, మట్టిమూకుడులో చల్లటి నీళ్ళు, కాళ్ళు తడపడం, అంతే.

ఒక మాట. కోడి ఒళ్ళు మనకి ఎప్పుడూ వేడిగానే తగులుతుంది. దాని మామూలు వేడే నలభై ఒక డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపుల్లో ఉంటుంది, మనకైతే అది గట్టి జ్వరం. చేత్తో పట్టుకుని "కాలిపోతోంది" అని పిల్లల జ్వరం సిరప్పు పోసేవాళ్ళున్నారు. వద్దు.

ఇప్పుడు తడి. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి. మనుషులకి కలుపుకునే లెక్కే ఇది, అంతకన్నా ఉప్పు పెంచొద్దు. ఉప్పు ఎక్కువైతే కోడికి విషమే, ఎండుచేపల ముక్కలు ఎక్కువగా తిన్న కోళ్ళు పడిపోవడం కూడా అందుకే. కొబ్బరినీళ్ళు పట్టొచ్చా అని మనవాళ్ళు తప్పకుండా అడుగుతారు. కాస్త పట్టొచ్చు, ఇష్టంగా తాగుతుంది కూడా. కానీ కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. విరేచనాలవుతున్న కోడికి పోయేది సోడియమే, అందుకని ఉప్పు పంచదార నీళ్ళే అసలు మందు. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి.

పట్టే పద్ధతి దగ్గరే నా పాపం చెప్పాలి. మా నల్లపెట్ట, మంచి పొదుగుపెట్ట అది. ఒక శ్రావణమాసంలో ఇలాగే మూలన కూర్చుంది. నేను నోరు తెరిచి పసుపు కలిపిన మజ్జిగ చెంచాతో గొంతులోకి పోశాను. రెండో చెంచాకి గరగరమంది, తల విదిలించింది, నా ఒళ్ళోనే నిమిషంలో పోయింది. జబ్బుతో కాదండీ, నా చెంచాతో పోయింది. కోడికి నాలుక మొదట్లోనే గాలిగొట్టం తెరుచుకుని ఉంటుంది. నోరు తెరిస్తే నాలుక వెనక సన్నటి గాటులా తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది చూడండి. మనం పోసేది తిన్నగా అందులోకే దిగుతుంది. మీరు నాలుగు రోజులు పోసి ఏమీ కాలేదంటే అదృష్టం.

కాబట్టి ముందు గిన్నె ముక్కు దగ్గర పెట్టి, ముక్కు కొస ఒకసారి ముంచి వదలండి. సగం కోళ్ళు వాటంతట అవే తాగుతాయి. తాగకపోతే సూది తీసేసిన సిరంజితో ముక్కు పక్క అంచున ఒక్కో చుక్క అద్దండి. చుక్క లోపలికి జారి అది గుటక వేశాకే ఇంకో చుక్క. తల నిటారుగా ఉండాలి, వెనక్కి వంచకూడదు. అలా గంటన్నరకీ రెండు గంటలకీ ఓసారి పది పదిహేను మిల్లీలీటర్లు చాలు. రాత్రి పది దాటాక వదిలెయ్యండి, నిద్ర కూడా మందే. స్పృహ సరిగా లేక తల వాల్చేసిన కోడికి మాత్రం నోట్లో ఏమీ పెట్టకండి, ముందు వెచ్చబడనివ్వండి.

తడి పట్టిన పూట తర్వాతే తిండి. ఉడికించిన గుడ్డు పచ్చసొన వేళ్ళతో పొడి చేసి, పల్చటి గంజితోనో చోడి జావతోనో కలిపి ముద్ద చేయండి. బఠాణీ గింజంత ఉండలు ముక్కు ముందు కదిపితే ఎర్ర రంగుకో పచ్చ రంగుకో ఆశపడి పొడుస్తుంది. చిన్న టొమాటో ముక్క చూపించి తినడం మొదలుపెట్టించిన సందర్భాలు నాకున్నాయి. మెత్తగా తరిగిన మునగాకు చిటికెడు. పెరుగు ఒక చెంచా, అంతకన్నా వద్దు. తవుడు పెట్టేవాళ్ళు వాసన చూసి పెట్టండి. మన ఉక్కపోతకి రెండు వారాల తవుడు మక్కిపోతుంది, బూజుపట్టిన తవుడూ మొక్కజొన్నా కోడి కాలేయాన్ని పాడుచేస్తాయి. మేత సంచి ఖాళీ అవుతోంది అని రూఢి అయ్యాకే గట్టి గింజలకి వెళ్ళాలి. కందనకాయ పని చేయాలంటే గింజతోపాటు కాస్త గరుకిసుక కూడా కావాలి, పెట్టెలో ఉన్న కోడికి అది మనమే గిన్నెలో పెట్టాలి.

ఇప్పుడు మీ పెట్టకి అసలు ఏమై ఉంటుందో నా ఊహ చెప్తాను. ఒక్కటే నీరసపడింది, నెమ్మదిగా పడింది, పాలిపోయింది. రొమ్ము ఎముక కూడా పదునుగా తగిలితే నా వేలు మీ గూటివైపు చూపిస్తుంది, కోడివైపు కాదు.

మా ఇంట్లో ఇదే జరిగింది. కొబ్బరిచెక్కతో గూడు కట్టించాం, పైన తాటాకు. చూడముచ్చటగా ఉంది. ఏడాది తిరిగేసరికి పెట్టలు గుడ్లు తగ్గించాయి, ఒకటి పాలిపోయి పోయింది, రెండోది మూలన కూర్చుంది. పగలు ఒళ్ళంతా వెతికాను, ఒక్క పేను లేదు. పురుగుల మందు వేయించాను, గుణం లేదు. ఒకరోజు కరెంటు పోయి, రాత్రి తొమ్మిదింటికి టార్చి పట్టుకుని గూట్లో చెయ్యి పెట్టాను. తీసేసరికి మోచేతిదాకా ఎర్రటి ఇసుక పాకుతున్నట్టుంది. కోడి నల్లులు. పగలంతా చెక్క పగుళ్ళలో దాక్కుంటాయి, రాత్రి కోళ్ళు ఎక్కాక వచ్చి నెత్తురు తాగి మళ్ళీ పగుళ్ళలోకి పోతాయి. పగలు కోడిని ఎంత వెతికినా దొరకవు. ఏ పెట్ట మూలకంటా పడుకుంటుందో దానికి ఎక్కువ పడతాయి, అందుకే అన్నీ ఒకేసారి పాలిపోవు. కోళ్ళు లేకుండా ఖాళీగా వదిలేసినా నెలల తరబడి బతికుంటాయి.

మీరు కూడా ఇవాళ రాత్రి తొమ్మిది దాటాక గూట్లో టార్చి వేసి చూడండి. కోళ్ళు ఎక్కే కర్ర కొసల్లో, మేకుల చుట్టూ, పలకల అతుకుల్లో. తెల్ల కాగితం పగులుకి ఆనించి కర్రతో తట్టండి, కదిలే చుక్కలు రాలి వేలితో నలిపితే ఎర్రమరక పడితే దొంగ దొరికినట్టే.

దొరికితే ఏం చేయాలంటే, కోళ్ళని నాలుగు రోజులు గంపలకింద పడుకోబెట్టి గూడు ఖాళీ చేయండి. గడ్డి, గుడ్డలు కాల్చేయండి. పగుళ్ళలో సలసల కాగే నీళ్ళు పోయండి, ఆరాక చిక్కటి సున్నం పగులు పూడేలా కొట్టండి. వారం ఆగి ఇంకోసారి, మరో వారానికి మరోసారి. ఒక్కసారితో అయిపోయిందనుకుంటే గుడ్లనుంచి కొత్తవి లేస్తాయి, నేను అలాగే మోసపోయాను. కోళ్ళు పొర్లడానికి ఒక గమేళాలో పొయ్యి బూడిద, పొడి ఇసుక కలిపి పెట్టండి, వానకి తడవని చోట. కొబ్బరితోటకి కొట్టే మందు, రొయ్యల చెరువు మందు తెచ్చి గూట్లో చల్లకండి, కోడి ఒంటికి కిరసనాయిలు రాయకండి. కోళ్ళకి వాడదగిన పేలమందు పశువైద్యశాలలో అడిగితే చెప్తారు. గేదెలకి వెన్నుమీద పోసే మందుని చుక్కల లెక్కన ఊహించి కోడికి పోసేవాళ్ళ మాట వినొద్దు.

గూడు శుభ్రంగా ఉందనుకోండి, అప్పుడు కడుపులో పురుగులు. రెట్టలో సేమ్యా పోగుల్లా తెల్లగా కనిపిస్తే అనుమానమే లేదు, కనిపించకపోయినా ఉండొచ్చు. తడి పెరట్లో తిరిగే కోడికి పురుగు పట్టకుండా ఉండదు. పైపరజీన్ గానీ, ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ రకం గానీ ఇస్తారు. పెట్టని తూకం వేసి ఆ బరువు చెప్పి పశువైద్యశాలలో అడగండి. నాటుపెట్ట కేజీన్నర లోపే ఉంటుంది, గేదె మందులో "కాస్త" వేసేస్తే ఆ కాస్తే పది రెట్లు అవుతుంది. చాలా నీరసంగా ఉన్న రోజున పురుగుల మందు వద్దు. రెండు మూడు రోజులు తిండి పట్టాక వేయాలి, మిగతా అయిదింటికీ అప్పుడే. ఆ మందు వేసినన్నాళ్ళూ, ఆ తర్వాత డాక్టరు చెప్పినన్నాళ్ళూ గుడ్లు తినకండి. మళ్ళీ నెత్తురు పట్టడానికి నెల పడుతుంది. కోళ్ళకి పోసే విటమిన్ చుక్కలు ఏవైనా నీళ్ళలో కలుపుతుంటే మంచిది.

మీకు వర్తించకపోవచ్చు గానీ ఇంకో మూడు త్వరగా చెప్పేస్తాను. మేత సంచి గట్టిగా ఉంటే నాలుగైదు చుక్కల కొబ్బరినూనె ముక్కు పక్కనుంచి పట్టి, వేళ్ళతో మెల్లగా పది నిమిషాలు మర్దనా చేయాలి, రోజుకి నాలుగుసార్లు. కోడిని తలకిందులు చేసి కక్కించేవాళ్ళున్నారు, కక్కింది ఊపిరితిత్తుల్లోకి దిగి కోడి పోతుంది. రెండు రోజుల్లో కరగకపోతే డాక్టరు చిన్న గాటు పెట్టి తీస్తారు, బతుకుతాయి. పెట్ట నిటారుగా నిలబడి తోక కొట్టుకుంటూ ముక్కుతుంటే గుడ్డు అడ్డం పడింది. వెడల్పు బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట కూర్చోబెట్టి, వెనక నూనె రాసి, చీకటి పెట్టెలో వదలండి. లోపల గుడ్డు పగలగొట్టకూడదు. ఒక్కో పెంకుకి రెండు గ్రాముల దాకా కాల్షియం పోతుంది, మన కాలవల్లో నత్తగుల్లలు, ఆల్చిప్పలు దొరికినంత కాలం నలగ్గొట్టి పడేస్తే ఈ బాధ తక్కువ. ఇక వానలు తగ్గాక జుట్టుమీదా కళ్ళచుట్టూ పొక్కులు లేస్తే అది కోడి మశూచి, దోమలు మోసుకొస్తాయి. పొక్కుకన్నా, కళ్ళు మూసుకుపోయి మేత కనపడక ఆకలికి పోయేవే ఎక్కువ. రెండు వారాలు చేత్తో పెట్టగలిగితే చాలావరకు లేస్తాయి.

రెట్టలో నెత్తురు అన్నాను కదా. 2022 జులైలో దవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు మా లంకలో కోళ్ళని మంచెమీద పెట్టి కాపాడుకున్నాం. నీళ్ళు తీశాక మాత్రం, అదే తడినేలమీద తిరిగిన నెలన్నర పిల్లలు నెత్తురు రెట్ట పెట్టి వరసగా పోయాయి. కాక్సిడియోసిస్ అది, పేగుల్లో చేరే పరాన్నజీవి జబ్బు. తడి, వెచ్చదనం రెండూ కలిస్తే ఒకటి రెండు రోజుల్లోనే రెట్టలో పడిన ఆ పరాన్నజీవి గుడ్లు అంటుకునే స్థితికొస్తాయి. యాంప్రోలియం పొడి నీళ్ళలో కలిపి ఇస్తారు, డబ్బామీద లెక్క ప్రకారం. అది ఇచ్చే రోజుల్లో బి-కాంప్లెక్స్ టానిక్కు ఆపాలి, ఆ మందు పనిచేసేదే బి-వన్ విటమిన్‌ని అడ్డుకుని. కోర్సు అయ్యాక మళ్ళీ మొదలుపెట్టాలి. ఈ ముక్క నాకు ఊరి పశువుల కాంపౌండరు గారు చెప్పేదాకా రెండూ కలిపే పోశాను.

గొట్టం మాత్ర ఎందుకు ఆపమన్నానంటే, మీ పెట్టకి ఉన్నది నల్లులో పురుగులో అయితే అది ఏమీ చేయదు, కొక్కెర అయితే అది వైరస్ కాబట్టి అప్పుడూ ఏమీ చేయదు. పేగుల్లో ఉన్న మంచి క్రిముల్ని చంపి ఉన్న ఆకలి కూడా తీసేస్తుంది, గుడ్డులోకి దిగి ఇంట్లో పిల్లలకి చేరుతుంది. చీదుతూ ముఖం వాచి ఉంటే యాంటీబయాటిక్ పని చేస్తుంది, అదైనా డాక్టరు చూసి ఇవ్వాలి. పసుపు, వెల్లుల్లి, వేపాకు వద్దని అనను. పుండుమీద పసుపూ వేపనూనే నేనూ రాస్తాను. లోపలికి మాత్రం వాటి బలం మీద ఆశ పెట్టుకుని రెండు రోజులు పోగొట్టుకోకండి.

అమ్మగారితో కొంచెం గట్టిగానే చెప్పండి. జబ్బుకోడిని కోసి తినకూడదు. పాతరోజుల్లో తిన్నాం, నిజమే. కానీ 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ బర్డ్ ఫ్లూ అని తేలింది. మనకి కూతవేటు దూరం. జబ్బుకోడిని కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడే మనిషికి ప్రమాదం ఎక్కువ. ఒకటి కాకుండా ఒకటి రెండు రోజుల్లో నాలుగైదు పోతే, జుట్టు నీలిరంగుకి తిరిగితే, కాళ్ళమీద ఎర్రమచ్చలు కనిపిస్తే ఇంటివైద్యం అక్కడితో ఆపేసి, దేన్నీ ముట్టుకోకుండా పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేయండి, లేదా పశువైద్యశాలకి కబురు పెట్టండి. పోయిన కోడిని కాలవలో గిరాటేసే అలవాటు మన ఊళ్ళలో ఎంతకీ పోదు, ఆ నీళ్ళే కింది ఊళ్ళో బాతులు తాగుతాయి, పశువులు తాగుతాయి. మోకాలు దాటి గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. ఈ పెట్టని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, బాగున్నవాటికి ముందు మేత వేసి ఆఖరున దీని దగ్గరకి రండి.

మిగతా అయిదింటికీ టీకా ఎప్పుడు వేయించారో మీరు రాయలేదు. వేయించి ఉండకపోతే సంక్రాంతి లోపు కానివ్వండి. పండక్కి ఊళ్ళూ పుంజులూ అన్నీ కలుస్తాయి, కొక్కెర కూడా తిరుగుతుంది. కోడిపిల్లలకైతే మొదటి వారంలో లసోటా అనే కొక్కెర టీకా కంట్లోనో ముక్కులోనో చుక్క, ఎనిమిది వారాలకి రెక్క కింద అదే జబ్బుకి ఆర్‌టూబీ టీకా సూది. టీకా ఐసులో తెచ్చి, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. ఎండలో సంచిలో వేలాడేసుకొచ్చిన టీకా వేసినా వేయనట్టే. ఎర్రపెట్టకి మాత్రం ఇప్పుడు వద్దు, తేరుకున్నాక.

ఇవాళ రాత్రి రొమ్ము ఎముక, మేత సంచి తడిమి చూడండి. గూట్లో టార్చి వేయండి. రేపు పొద్దున్న ఏమీ పెట్టకముందు మళ్ళీ మేత సంచి చూసి, ఆ మూడూ ఎలా ఉన్నాయో ఇక్కడ రాయండి. నోటి లోపలి రంగు కూడా రాయండి, ఫోటో అయితే పగటి వెలుగులో తీయండి, ట్యూబ్‌లైటు కింద అన్ని కోళ్ళూ పాలిపోయినట్టే కనిపిస్తాయి.